తిమింగలాల పాఠంలో మా అవ్వ

మొన్న జనగామ బస్టాండుల నర్మెట్ట బస్సు కోసం కూర్చున్నప్పుడు, పక్కనామె ఫోన్ల తిమింగలం నీళ్లల్లకెళ్లి ఎగిరిపడే వీడియో చూసి మురిసిపోతుంటే, ఇన్నేండ్లకు కూడా నాకు కోపం నెత్తికెక్కింది. పాపం తిమింగలం ఏం చేసిందంటరా, చెప్త.

అప్పుడు నేను మహబూబాబాదుల ఓ ప్రైవేటు కాలేజీల తెలుగు చెప్పేదాన్ని. ఎండకాలం సెలవుల్ల సముద్రపొడ్డున నెలరోజుల సాహిత్యం కోర్సు చేసి సర్టిఫికెట్ తెస్తేనే నౌకరి ఖాయమన్నరు. అంతదనుక సముద్రం మొఖం చూడనిదాన్ని, తీరా పోతే ఆ ఏడు పాఠమంతా తిమింగలాల వేట మీద పరదేశపోళ్లు రాసిన పాత నవలలే, తెలుగు అనువాదాలల్ల. మొదటి దినమే సారు, సముద్రం ఎరుగనోళ్లకు ఇవి ఎక్కవని నా దిక్కు చూసి నవ్విండు. క్లాసంత నవ్వింది. మన ఈడోళ్లకు యాదికుండే ఉంటది, ఆ రోజులల్ల సినిమాలల్ల మన మాట మాట్లాడేది రౌడీలో, నవ్వులాటగాళ్లో.

చదువుతుంటే నాకేమో ఆ నవలలల్ల భూపాలపల్లిల మా క్వార్టరే కనబడ్డది. ఊరోళ్ల దీపాలల్ల పోసే తిమింగలం నూనె కోసం నీళ్ల మీద పానం పణం పెట్టినోళ్లు, ఒడ్డున వాళ్ల ఆడోళ్లు. మా బాపు బొగ్గుబాయిల దిగేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను బోర్డు మీదికెళ్లి తీసుకపోయేది, పైకొచ్చినంక మళ్ల తగిలించేది. కొక్కెం ఖాళీగుంటే మనిషింక లోపలున్నట్టు. నా పదో తరగతిల ఒకనాడు లోపల కప్పు కూలిందని తెలిసి, నన్ను కన్న మా అవ్వ చెప్పులు కూడ లేకుండ ఉరికి, ఆ ఖాళీ కొక్కేన్నే చూసుకుంట పొద్దూకేదాక నిలబడ్డది. బాపు వచ్చిండు, పక్కింటి పెదనాయిన రాలే. ఇదంత ఓడ మనుషుల కథతోటి పోల్చి, కోర్సుకు రాయాల్సిన వ్యాసం మా మాటలల్లనే రాసిన.

సారు ఎర్రసిరతోటి "బాయి" కొట్టేసిండు, "ఉరికింది" కొట్టేసిండు, ఆఖరికి "మా అవ్వ"ను కూడ కొట్టేసి పైన "మాతృమూర్తి" అని రాసిండు. ముగింపు సభల తను దిద్దినట్టు చదివితేనే సర్టిఫికెట్ అన్నడు. మా అవ్వనే కొట్టేసినంక ఇంక మిగిలిందేంది? పోతే పోనీ నౌకరి అనుకొని, సభల లేచి, కొట్టేసిన ప్రతి మాటనూ ఒత్తి ఒత్తి చదివిన. ఒక్క చప్పట లేదు. తలుపుకాడ నిలబడ్డ మెస్సు వంటామె, చేపలు పట్టేటాయన భార్య, కొంగుతోటి కండ్లు తుడుచుకొని "మా ఆయన ఏటకెల్తే నానూ ఇలగే ఒడ్డున కూకుంటానమ్మా" అన్నది. సారును అడిగితే ఆమె మాట కూడ తప్పే అనేటోడు.

సర్టిఫికెట్ రాలే, నౌకరి పోయింది. మహబూబాబాదు పక్కన గూడూరుల రెండేండ్లు ట్యూషన్లు చెప్పుకొని బతికిన తప్ప, మళ్ల రాసిస్తనని ఎవరి కాళ్లు పట్టుకోలే. ఇప్పుడు అడిగినా అట్లనే చదువుత.

ఇయ్యాల మన మాటల రాస్తే శాలువలు కప్పుతున్నరు, సినిమాలల్ల హీరోలే మాట్లాడుతున్నరు, సంతోషమే. కాని ఆనాడు ఎందుకు నౌకరి పోయిందని మా అవ్వ ఎన్నిసార్లు అడిగినా, తన మూలంగ అనుకొని ఏడుస్తదేమోనని చెప్పలే. ఇప్పుడు చెప్పినా ఎవలూ నవ్వరు. వినేటందుకు ఆమె లేదు.