నాలుకను ఆపని జాలీ

మగ్గం మీది పడుగు దారాల మీదుగా ఎలుక నడిచి పోతున్నా మా పిల్లి జరీ తలెత్తలేదు. ఏదో తేడాగా ఉందని నాకు ఆ రోజే అనిపించింది. ధర్మవరంలో మగ్గమున్న ఇంట్లో పిల్లిని పెంచేది ముద్దు కోసం కాదు, పట్టు కొరికే ఎలుకల కోసం. మా ఇంట్లో రెండున్నాయి, జరీ, దాని చెల్లెలు మసి. ఒకే పళ్లెంలో తిని, ఒకదాన్నొకటి నాకుకుంటూ పెరిగాయి.

నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. బుట్టలో పెట్టుకుని హిందూపురం రైలెక్కాను. పెనుకొండ దాకా అరిచి, ఆ తర్వాత అరిచే ఓపిక కూడా లేక ఊరుకుంది. అప్పుడు భయమేసింది.

డాక్టరు రక్తం తీసి చిన్న కిట్ మీద చుక్క వేశారు. "ఫీలైన్ లుకేమియా వైరస్, పాజిటివ్. రక్తం కూడా బాగా తగ్గిందమ్మా, అనీమియా. ముందు ముందు లింఫోమా అనే క్యాన్సర్ కూడా రావచ్చు."

"మాకు అంటుకుంటాదా సార్?"

"మనుషులకు రాదు. పిల్లి ఎంగిలితో పిల్లికి వస్తుంది. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే దాన్ని వేరుగా పెట్టండి. దీన్ని బయటికి వదలొద్దు."

"ఎన్ని దినాలు సార్?"

"బతికున్నన్ని రోజులు."

తర్వాత మసిని తీసుకుపోతే నెగెటివ్ వచ్చింది. ఈమధ్యే అంటుకుని ఉంటే టెస్టులో తెలియదు, కొన్ని వారాలాగి మళ్ళీ చేద్దామన్నారు.

మగ్గం గది జరీకి జైలైంది, నాకూ అయింది. మా ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తాడు, పక్కన నేను పట్టుదారం కండెలకు చుడతాను. తలుపు తీస్తే జరీ బయటికి దూకేస్తుంది. గుడిబండలో మా అమ్మను చూడడానికి ఒక్క పూట కూడా పోలేకపోయాను. మాత్ర మింగించబోతే చేతులన్నీ గీరేది.

"ఎన్ని దినాలు మూసిపెడ్తావే దాన్ని? ఇడ్సిపెట్టు, పోతాది" అన్నాడు మా ఆయన.

"ఇడ్సిపెడ్తే ఈదిలో పిల్లులన్నిటికీ అంటిస్తాది."

పైకి అలా అన్నాను గానీ, ఇది చచ్చిపోతే తలుపు తెరుచుకోవచ్చు కదా అని ఒకరోజు అనుకున్నాను. అనుకున్నందుకు ఏడ్చాను.

గాలి కోసం కిటికీకి జాలీ కొట్టించాం. బయట గోడ మీద మసి, లోపల జరీ. ముచ్చటేసి జరీకి స్టూలు కూడా వేశాను. వారం తర్వాత గానీ సరిగ్గా చూడలేదు. జాలీ కన్నాల్లోంచి రెండూ మూతులు నాకుకుంటున్నాయి!

ఫోన్ చేస్తే డాక్టరు, "జాలీ పిల్లిని ఆపుతుందమ్మా, నాలుకను ఆపదు" అన్నారు.

కిటికీకి చెక్క కొట్టేద్దామన్నాను. "యెలుగు లేకుండా యెట్ల నేసేది?" అని మా ఆయన కోప్పడ్డాడు. మర్నాడు తనే అద్దం తెచ్చి బిగించాడు.

మసి రెండో టెస్టుకు ఆనాటి నుంచి మళ్ళీ వారాలు లెక్కపెట్టాలి. మధ్యలో జరీకి రెండుసార్లు జ్వరం తిరగబెట్టింది. నాకు మాత్రం కళ్ళు మూసినా తెరిచినా నేను వేసిన స్టూలే కనిపించేది. మసికి రెండో టెస్టు చేసిన రోజు డాక్టరు ముఖం చూడలేక గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నెగెటివ్.

జరీ ఇంకా ఉంది. చిగుళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. వైరస్ పోలేదు, పోదు. తలుపు ఇప్పటికీ మూసే ఉంటుంది.

మీ ఇంట్లో ఒక పిల్లికి ఇది వస్తే, బాగున్నదానికీ టెస్టు చేయించండి, కొన్ని వారాలకు మళ్ళీ చేయించండి. గిన్నెలు వేరు చేసి ఊరుకోకండి, నాలుకకు నాలుక అందకుండా చూసుకోండి.

రోజూ పొద్దున అక్కాచెల్లెళ్ళిద్దరూ అద్దానికి చెరోవైపు నిలబడి నాకుతారు. వాళ్ళయ్యాక నేను తుడుస్తాను, లోపలికొక బట్ట, బయటికొక బట్ట.