కోడలు అనకూడని పేరు

మా చిన్నప్పుడు కొత్త బియ్యం వండి పెద్దలకు పెట్టే రోజు వచ్చిందంటే, గారెల వాసన కంటే ముందు నాకు వణుకు వచ్చేది...

నడిమింట్లో కిటికీ లేని మూల. కొత్త బట్టలు, అరిటాకులో అన్నం, సాంబ్రాణి పొగ. నాయనమ్మ ఆ మూలకేసి చూస్తూ పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది. రండి, తినండి, పిల్లల్ని చల్లగా చూడండి అని... పక్కింటివాళ్ళను పిలిచినంత మామూలుగా. నేనేమో మెల్లగా వెనక్కి జరిగేదాన్ని.

ఎందుకంటే తాత పేరు దగ్గర నాయనమ్మ ఆగిపోయేది. భర్త పేరు నోటితో అనకూడదు కదా... నా భుజం మీద చెయ్యేసి ముందుకు నెట్టేది.

"నువ్వనే... నాను అనకూడదు. పిలవకపోతే గుమ్మం బయిటే ఆకలితో నిలబడిపోతాడు."

కళ్ళు గట్టిగా మూసుకుని, అప్పలస్వామి తాతా రా, అనేసి అమ్మ వెనక దూరేదాన్ని. నిజంగానే వస్తే? ఆ రోజంతా గుమ్మం దాటాలంటే అమ్మ కొంగు పట్టుకోవాల్సిందే.

తాతకు తండ్రి, అంటే మా ముత్తాత పేరు మాత్రం నాన్న పిలిచేవాడు. మామగారి పేరు కూడా నాయనమ్మ అనకూడదు మరి. అది సరిగ్గా నా వంతుకు ముందు. అప్పటికే నేను భయంతో రెండు చెవులూ మూసుకుని ఉండేదాన్ని. ఆ పేరు ఎప్పుడూ నా చెవిన పడలేదు.

నాయనమ్మ వెళ్ళిపోయింది. తర్వాత అమ్మ, నాన్న కూడా... పోయినేడు తమ్ముడు ఆకు వేసి అందరినీ పిలుస్తూ ముత్తాత దగ్గర ఆగాడు. ఆయన పేరేంటక్కా అని నన్ను అడిగాడు. ఇంటిల్లిపాదీ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మా అత్తలందరికీ ఆయన 'ముసలి తాత', అంతే. పాత భూమి కాగితాలు తుఫాను నీళ్ళలో ముద్దయిపోయాయి. చివరికి 'ముత్తాతా, రా' అని సరిపెట్టాం. ఇంత వయసొచ్చాక కూడా ఆ పూట గుమ్మం వైపు చూడాలంటే భయమేసింది. పేరు లేని పిలుపు వినపడక అక్కడే నిలబడిపోయాడేమోనని...

ఇక మిగిలింది చిన్న నాయనమ్మ ఒక్కతే. తాత తమ్ముడి భార్య, పాతపట్నంలో కూతురి దగ్గర ఉంటోంది. మతిమరుపు మొదలైందని విని ఉన్నపళాన బస్సెక్కాను. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, అందరూ కలిసి దిగిన పాత ఫొటో ఆవిడ చేతికిచ్చాను.

ఒక మాట చెబుతాను... పెద్దవాళ్ళను మన వంశం గురించి చెప్పమని అడక్కండి, నోరు పెగలదు. ఫొటో చేతికిచ్చి ఊరుకోండి. ముత్తాత చింతపండు బళ్ళు కట్టుకుని ఒడిశా వైపు వెళ్ళేవాడని, ఎండుచేప లేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదని, అన్నీ వాటంతటవే వచ్చాయి. పేరు అడిగేసరికి మాత్రం పైట తలమీదికి లాక్కుంది.

"మావ పేరు కోడలు అంటాదేటే? తప్పు."

ఎంత బతిమాలినా అనలేదు. మిగతావాళ్ళ పేర్లు ఫొటో వెనక పెన్సిలుతో మెల్లగా రాశాను. పెన్నుతో రాస్తే సిరా మొహాల మీదికి ఊరుతుంది. ముత్తాత చోటు ఖాళీగా వదిలేశాను. రికార్డింగు తమ్ముడికీ అత్తలకీ కూడా పంపాను, ఒక్క ఫోన్లోనే ఉంటే అది పోయిననాడు అన్నీ పోతాయి కదా.

మొన్న మళ్ళీ వెళ్ళాను. అదే ఫొటో ఇచ్చాను. ఈసారి పైట తలమీదికి పోలేదు. ముత్తాత మీద వేలు పెట్టి, ఊళ్ళో ఎవరి గురించో చెప్పినట్టు అంది.

"ఈడు అసిరన్న కాదేటి? నీకేటవుతాడే?"

ఏడాదిగా వెతుకుతున్న పేరు... దొరికింది. కానీ తాను ఎవరి కోడలో ఆవిడకే గుర్తు లేదు. ఖాళీ చోట్లో పెన్సిలుతో ఆ పేరు రాశాను.

ఈ ఏడు ముత్తాతను పేరు పెట్టే పిలుస్తాం. చిన్నప్పుడు పోయినవాళ్ళు వస్తారేమోనని భయపడేదాన్ని... ఇప్పుడు ఉన్నవాళ్ళు ఎదురుగా కూర్చునే వెళ్ళిపోతున్నారు, అదీ నా భయం.

మీ ఇంట్లో కోడళ్ళు అనని పేర్లు ఇంకా ఎవరికి గుర్తున్నాయో ఇవాళే అడగండి. దొరికిన పేరును ఇక్కడ కింద రాయండి... నలుగురం చదివితే, గుమ్మం బయట నిలబడేవాళ్ళలో ఒకరైనా తగ్గుతారు.