మనసుని కాదు, కాళ్లని పిలిచాను

హెలికాప్టర్ దిగేసరికి మధ్యాహ్నమైంది. పైలట్ రెక్కలు ఆపలేదు. నన్నూ, నా బ్యాగునీ, కిరోసిన్ డబ్బాలనీ దించేసి లోయలోకి జారిపోయాడు. లడాఖ్‌లో బాగా ఎత్తు మీదున్న పోస్ట్ అది. పేరు చెప్పను. ఎదురుగా నల్లటి రాతిగోడ, వెనక మంచు వాలు, మధ్యలో రెండు బంకర్లు. జంషెడ్‌పూర్ ఎండల్లో పెరిగినవాణ్ణి. వంగి బూటు లేసు కట్టుకుంటేనే ఆయాసం వచ్చింది.

పోస్ట్‌కి పెద్ద సుబేదార్ సాబ్. కుమావూఁ కొండల మనిషి, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డవాడు. చాయ్ గ్లాసు చేతికిచ్చి మొదటి ఆర్డరిచ్చాడు.

"రేపు ఆరింటికి కసరత్తు. మంచు పడినా, పడకపోయినా."

ఆకాశం బాగుంటే బయట. తుఫానైతే బంకర్లోనే, కిరోసిన్ పొగలో, ఒకరి మోచేయి ఒకరికి తగిలేలా బస్కీలు. ఆ ఎత్తులో మనిషి కదలకుండా పడుకుంటే ముందు ఆకలి పోతుంది. తర్వాత మాట పోతుంది. ఇది మాకు తెలుసు. అయినా ఆరింటికి స్లీపింగ్ బ్యాగు జిప్పు తీయాలంటే ఏడుపొచ్చేది. సాబ్‌ని మనసులో తిట్టని రోజు లేదు.

రేడియో ఆపరేటర్ పంజాబ్ వాడు. తిట్టుకోవడం దాచుకునే రకం కాదు. ఒక పొద్దున్న బ్యాగులోంచే అన్నాడు.

"ఇవాళ మనసు లేదు సాబ్."

"మనసుని ఎవడు పిలిచాడు? కాళ్లని పిలిచాను. లే."

లేచాడు. నవ్వుకుంటూ మేమూ లేచాం.

ఫిబ్రవరిలో మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. నాలుగో పొద్దున్న వెనక వాలు మీది మంచు జారింది. పెద్ద చప్పుడేమీ లేదు. తడి దుప్పటి నేల మీద పడ్డట్టు వినిపించింది. బయటికొచ్చి చూస్తే రేడియో బంకర్ లేదు. అది ఉన్నచోట తెల్లగా, నున్నగా ఉంది. అప్పుడు మా బంకర్లో ఉన్న వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది, ఆపరేటర్ గొంతుతో.

"నేనున్నాను. కాళ్ల మీద దూలం పడింది. అంతా చీకటి. ఓవర్."

సాబ్ సెట్టు అందుకున్నాడు. "వస్తున్నాం. కాలివేళ్లు ఆడిస్తూ ఉండు. ఆపావంటే తంతాను. ఓవర్."

"ఆడిస్తున్నా సాబ్. మనసు లేదు గానీ ఆడిస్తున్నా. ఓవర్."

పారలు అందుకున్నాం. ఆ గాలిలో నాలుగు పారలు ఎత్తితే కళ్లు బైర్లు కమ్ముతాయి. వంతులేసుకుని తవ్వాం. తన వంతు అవకముందే పార దించినవాడు ఒక్కడూ లేడు. రోజూ తిట్టుకుంటూ తీసిన బస్కీలు ఆ పూట మా తొడల్లో పనిచేశాయి. మధ్యాహ్నానికి వాడి చెయ్యి దొరికింది. దూలం ఎత్తి పట్టుకున్నది నేను. మిగతావాళ్లు వాణ్ణి లాగేశారు. అంతలో పైనుంచి మంచుగడ్డ జారి నా కుడి మోకాలి మీద పడింది.

వాడికి రెండు కాలివేళ్లు పోయాయి. మనిషి దక్కాడు.

నా మోకాలికి ఆపరేషన్ చేశారు. సగానికి మించి వంగదన్నారు. కుర్చీలో కూర్చుని చేసే పని చూసుకోమన్నారు. ఫౌజు నుంచి పంపించేశారు. చేతికర్రతో జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ స్టేషన్లో దిగాను.

సిద్ధగోరాలో మా ఇంటికొచ్చిన మర్నాడు ఆరింటికి, వరండా గ్రిల్లు పట్టుకుని బస్కీ మొదలెట్టాను. సగం దాకా వెళ్లి కేకేశాను. మా ఆవిడ లక్ష్మి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏటండీ ఇది? మోకాలు కుండలా వాచిపోయుంటే మళ్లీ మొదలెట్టేత్తన్నారా? ఎవలికి చూపించడానికి?"

"ఎవలికీ కాదు. నేను కుర్చీ కోసం పుట్టలేదు."

తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

"అయితే గ్రిల్లు ఒగ్గీండి. అది ఊడొచ్చీలాగుంది. నా భుజం పట్టుకోండి."

అలా మొదలైంది. మొదటి వేసవికి కర్రతో అగ్రికో బజారు దాకా నడిచాను. ఆ తర్వాత కర్ర ఇంట్లో వదిలేసి. వానొచ్చిన రోజు మా అమ్మాయి గుమ్మంలో అడ్డం నిలబడేది. "పాపా, బారిష్ హై, ఆజ్ ఛోడ్ దీజియే." వాన పడుతోంది నాన్నా, ఈ పూటకి మానేయమని. తలమీద గొడుగు పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఇప్పుడు అంతకంటే దూరం, సోనారి దాకా పరిగెడతాను. అందంగా కాదు. కుడికాలు పక్కకి ఊగుతుంది. స్కూటర్ల మీదెళ్లేవాళ్లు తిరిగి చూస్తారు. చూడనీ.

పొద్దున్న పార్కులో వాళ్లు అంటుంటారు, "మీకు మిలిటరీ అలవాటు. మాకు రోజూ మనసు రాదండీ." నాకూ రాదు. ఏ పొద్దున్నా రాలేదు. ఆరింటికి మోకాలు నన్ను పడుకోమంటుంది. నేను దాని మాట వినను, అంతే.

పోస్ట్ నుంచి నన్ను స్ట్రెచర్ మీద దించిన రోజు హెలికాప్టర్ కిటికీలోంచి కిందికి చూశాను. సాగనంపడానికొచ్చిన సాబ్ ఒక్కడే ఉన్నాడు. ఎవరూ చూడట్లేదనుకున్నాడు. మంచులో కూలబడి, రెండు చేతులతో నడుం పట్టుకుని ముందుకి వాలిపోయాడు. ముసలివాడిలా ఉన్నాడు. రెక్కల గాలికి లేచిన మంచు ఆయన్ని కప్పేసింది. అది తేలిపోయేసరికి నిలబడి ఉన్నాడు. చేతులు ముందుకి చాపి, మెల్లగా బస్కీకి కుంగుతున్నాడు. చుట్టూ ఎవరూ లేరు.