సున్నం గీత దాటిన బస్సు

నేను సినిమా పేజీ రాసేదాన్ని. మా పత్రికలో ఆ పేజీకి ఉన్న గౌరవం ఏపాటిదంటే, ఎడిటర్‌గారు దాన్ని చదవకుండానే సంతకం పెట్టేవారు. నాకు నోరెక్కువ, ఆయనకు బీపీ ఎక్కువ. పేజీలు దూరంగా ఉండబట్టి ఇద్దరం క్షేమంగా ఉన్నాం.

ఆ ఆదివారం ఫిలింనగర్‌లో ఒక ఛేజింగ్ సీన్ షూటింగుకి వెళ్ళాను. ప్రొడక్షన్ వాళ్ళు డిపో నుంచి నిజమైన సిటీ బస్సునే కిరాయికి తెచ్చారు. ఫైట్ మాస్టర్ బోరబండ మనిషి. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని బళ్ళ మీంచి దూకిస్తూ ఒక్కరి కాలూ విరగనివ్వలేదు. ఆయనకో పద్ధతుంది. బండితో షాట్ అంటే, ముందు ఖాళీ రోడ్డు మీద సున్నంతో రెండు గీతలు గీయిస్తారు. తనే స్టీరింగ్ పట్టి పల్లం దిగి, మొదటి గీత దగ్గర బ్రేకు వేస్తారు. రెండో గీతలోపు ఆగాలి. దాటిందా, షాట్ లేదు.

ఆ బస్సు రెండో గీత దాటి ఇంకో బస్సంత దూరం పోయింది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. మేనేజర్ ఎంత బతిమాలినా మాస్టర్ దిగిపోయారు. "గీ బండి మీదికి నా పోరగాళ్ళను ఎక్కియ్య. వేరేది పట్కరాండ్రి," అన్నారు. గాసిప్ కాలమ్‌కి పనికొస్తుందని నేను నవ్వుకుంటూ బస్సు నంబరు రాసుకున్నాను.

సోమవారం పొద్దున జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నిలబడితే అదే నంబరు బస్సు వచ్చింది. కిటకిటలాడుతోంది. కాలేజీ పిల్లలు, ఇళ్ళల్లో వంటపనికి పోయే ఆడవాళ్ళు, ఫుట్‌బోర్డు మీద కూడా జనమే. దూకడమే బతుకుతెరువైనవాళ్ళు ఎక్కని బస్సులో వీళ్ళను ఎక్కించారు! నేనూ ఎక్కి, తర్వాతి స్టాపులో ఆగినప్పుడు డ్రైవర్‌ని బ్రేకుల సంగతి అడిగాను. ఆయన నా వైపు చూడకుండానే, "పది దినాల సంది డిపో బుక్కుల రాస్తున్న మేడమ్. సదివేటోడే లేడు," అన్నాడు.

దిగి నేరుగా ఎడిటర్‌గారి గదిలోకి దూరాను. ఇది మీ పేజీ కాదు కదమ్మా అన్నారు. అయితే మీ పేజీలో వెయ్యండి, లేదంటే రేపు జరిగేదానికి అందులో చోటు చాలదు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. మంగళవారం వార్త మొదటి పేజీలో వచ్చింది.

బుధవారం రవాణా అధికారి ఖండన పంపారు. బస్సు భేషుగ్గా ఉందట, సినిమా విలేకరి సినిమా కథ అల్లిందట, నా పేరుతోనే సవరణ వెయ్యాలట. పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. మా యజమాని కూడా, సర్కారుతో మనకెందుకు, రాయనంటే ఆవిణ్ణి ఇంటికి పంపండి అన్నారు. రాస్తే ఆ బస్సు తిరుగుతూనే ఉంటుంది. రాయకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "రాస్తాను సార్. ముందు ఆ పెద్దమనిషిని అదే బస్సులో కూర్చుని అదే పల్లం దిగమనండి. గీతలోపు ఆగితే సవరణతో పాటు రాజీనామా కూడా ఇస్తాను," అన్నాను ఎడిటర్‌గారితో.

ఆయన ఎవరితోనైనా పోట్లాడడం నేను అంతవరకూ చూడలేదు. మర్నాడు పేపరు తెరిస్తే ఖండన పొల్లుపోకుండా అచ్చయింది. దాని కింద చిన్న ఆహ్వానం: రేపు ఉదయం పది గంటలకు అధికారిగారు అదే బస్సులో అదే పల్లం దిగాలని కోరుతున్నాం, ఈ పత్రిక ఎడిటర్ ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు. ఆ చివరి మాట చదివి నాకు ఏడుపొచ్చేసింది.

శుక్రవారం పల్లం పొడుగునా జనం. అధికారికి బస్సుతో సహా రాక తప్పలేదు. మాస్టర్ గీతలు గీయించి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఎడిటర్‌గారు మాత్ర వేసుకుని మరీ ఎక్కారు. "రాండి సార్, కూసోండి," అని పిలిచారు మాస్టర్. అధికారి మెట్టు మీద ఒక కాలు పెట్టారు. పల్లం వైపు చూశారు. కాలు వెనక్కి తీసుకుని, అర్జెంటు మీటింగుందని నీళ్ళు నమిలారు. రోజూ ఆ బస్సెక్కే ఒకావిడ ముందుకొచ్చింది. "మేం రోజూ ఎక్కుతున్నం గద సారూ. మావి పానాలు గావా?"

ఆ మాట, మెట్టు మీంచి దిగుతున్న కాలు ఫోటో మర్నాడు ఊరంతా చూసింది. ఇంక దాచడం వాళ్ళ వల్ల కాలేదు. డిపోలోని బస్సులన్నిటినీ విలేకరుల ఎదుటే పరీక్షించాల్సి వచ్చింది, సున్నం గీతలు గీసి మరీ. మా యజమాని నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు.

వారం తిరక్కుండానే, వాళ్ళడిగిన సవరణ మొదటి పేజీలో నా పేరుతోనే వచ్చింది. ఒక్కో అక్షరం సంతోషంగా రాశాను.

"ఆ డిపోలో ఒక బస్సుకు బ్రేకులు సరిగా లేవని రాశాం. అది పొరపాటు. తొమ్మిది బస్సులకు లేవు. తొమ్మిదింటినీ నిన్న రోడ్డు మీంచి తీసేశారు. పొరపాటుకు చింతిస్తున్నాం."