చక్రాల జాడలో పచ్చదనం

మొన్న క్యారీ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంటి పెరట్లో, స్కూలు ప్రాజెక్టు కోసం కుండీల్లో సోయా మొక్కలు పెంచుతున్న మనవరాలు, ఆకులు పసుపు తిరిగాయని ఎరువు డబ్బా పట్టుకొచ్చింది. "తాతా, పాపం హంగ్రీగా ఉన్నాయి. ఇంకొంచెం ఫుడ్ వేస్తా," అంది. అప్పటికే రెండుసార్లు వేసిందట. చటుక్కున డబ్బా లాక్కున్నాను. అది తెల్లబోయింది కానీ నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ డబ్బా నేను నలభై ఏళ్ళ క్రితమే మోశాను.

అప్పుడు మిన్నెసోటాలో నేలల మీద పరిశోధన చేసేవాణ్ణి. మా ప్రొఫెసరు ప్రయోగానికి ఒక పెద్దాయన తన సోయా చేలో కొంత ఇచ్చి, ఆదివారాలు నాకు భోజనం కూడా పెట్టేవాడు. వరి పండించే ఇంట్లో పుట్టిన నాకు, పైరు పసుపు తిరిగితే గుప్పెడు యూరియా తప్ప మరో వైద్యం తెలియదు. ప్రొఫెసరు ఊళ్ళో లేనప్పుడు ఆకులు పాలిపోతుంటే చూడలేక, ఎవరికీ చెప్పకుండా నైట్రేటు ఎరువు చల్లేశాను. వారం తిరిగేసరికి చేను పెళ్ళికూతురిలా పసుపు పులుముకుంది. మన భాషలో పచ్చ అన్నది రెండు రంగులకూ చెల్లుతుందని సర్దిచెబుదామన్నా, ప్రొఫెసరుకు తెలుగు రాదాయె. ఇక చదువు మానిపించి పంపేస్తారనే అనుకున్నాను.

ఆ ఆదివారం పెద్దాయన భోజనానికి ముందు నన్ను సాళ్ళ వెంట చాలాసేపు తిప్పి, ఒకచోట వంగి చూపించాడు. విత్తేటప్పుడు ట్రాక్టర్ చక్రాలు నడిచిన జాడలో మాత్రం రెండు చారలు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. తర్వాత, ఏం వేశావని అడిగాడు. ఆయన ఉప్పు తిని ఆయన చేనికే ఉప్పు పెట్టానని ఒప్పేసుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వి, "మా అత్తగారూ ఇంతే, తినలేనివాడికే ఇంకా వడ్డిస్తుంది," అన్నాడు.

ప్రొఫెసరుకూ నేనే చెప్పాను. ఆయన, ఆ చారలెందుకు పచ్చగా ఉన్నాయో నువ్వే తేల్చమన్నాడు. అదే నా థీసిస్ అయింది. సున్నం ఎక్కువున్న ఆ నేలలో ఇనుముకు కొదవ లేదు, మొక్కే దాన్ని వాడుకోలేక పాలిపోయింది. నేను చల్లిన లవణం ఆ చేతకానితనాన్ని ఇంకా పెంచింది. చక్రాల కింద అణిగిన మట్టిలో గాలి ఆడక నైట్రేటు తక్కువ, అందుకే ఆ పచ్చదనం. రోగం ముదరబెట్టి డాక్టరైనవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఇప్పుడు ఆకు ఫొటో తీస్తే ఫోను క్షణంలో రోగం పేరు చెబుతుంది. తప్పేమీ చెప్పదు, కానీ ఏం వేశావని అడిగి నవ్వదు, పక్కన నడవదు. కుండీల్లోని ఎరువు కొట్టుకుపోయేలా నీళ్ళు పోయించి, ఈ కథంతా చెబుతూ మనవరాలికి అన్నం పెట్టాను. రెండోసారి వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "తాతా, నేనూ ఎల్లో అయిపోతా," అంది. ఆ మాట వినాల్సిన పెద్దాయన ఇప్పుడు లేడు.