గాలం దారంతో కట్టిన దండ

మొన్న మంగళవారం మా మనవరాలు బడి నుంచి వచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి పాలు తాగుతుంటే దాని జుట్టులో తెల్లగా ఏదో కనపడింది. పేలేమోనని వేలు పెట్టి లాగా. "అమ్మమ్మా, అది బగ్ కాదు, ఫ్లవర్" అని నవ్వింది. బస్సు ఆగే చోట చెర్రీ చెట్టు పూసిందంట. ఆ రేకు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశా. వాసన లేదు. ఎన్నేళ్ళు చూసినా దానికి వాసన రాదు. చెత్తబుట్టలో వేద్దామని దాని దాకా పోయి, వెయ్యలేక మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నా. సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి రాగానే కాయితం, పెన్ను తీసుకోమన్నా. నాకు సంతకం ఒక్కటే వచ్చు, అందులో కూడా ఒక అక్షరం ఎప్పుడూ ఎగిరిపోద్ది. నేను చెబుతున్నా, అది రాస్తోంది. తన మాట వచ్చిన చోట పెన్ను ఆపి నా వంక చూస్తోంది. రాయవే, నీ మీద చాడీలేం చెప్పటంలా.

తెనాల్లో మాది పూల దుకాణం. దుకాణమంటే పెద్దగా అనుకోబాకండి. రెండు బల్లలు, పైన గోనెపట్టా, తడిగుడ్డ కప్పిన నాలుగు బుట్టలు. మా ఆయన దండలు కట్టేవాడు, నేను మల్లెలు, కనకాంబరాలు మూరలు కట్టేదాన్ని. పెళ్ళయి వచ్చిన మొదటి ఏడే నాకొక సంగతి నేర్పాడు. పెళ్ళి దండకి రెండు కొసలూ కలిపి ముడెయ్యాలి. పోయినవాళ్ళ దండకి ముడెయ్యకూడదు, కొసలు వదిలెయ్యాలి. ఇందులో శాస్త్రమేం లేదు. ముడేసిన దండ పడుకోబెట్టిన మనిషి మెడలో పడాలంటే తల ఎత్తాలి. "అది ఇంట్లోవాళ్ళ వల్ల కాదే. మెడ నిలవదు, అది చూసి ఇంకా గుండెలు బాదుకుంటారు. కొసలు వదిలామనుకో, మీద పరిచి ఊరుకుంటారు" అనేవాడు. నా చెయ్యి మాత్రం వినేది కాదు. దండ అయిందంటే చాలు, కొసలు కలిపి ముడి పడిపోయేది. ఒకసారి రైసుమిల్లు ముసలాయన పోతే నేను ముడేసిన దండే పంపా. ఈయన కత్తెర పట్టుకుని వాళ్ళింటి దాకా సైకిలు తొక్కాడు. తిరిగొచ్చి చెమట తుడుచుకుంటా, "నీ చేతికి అందరూ పెళ్ళికొడుకులేనే" అన్నాడు. నెల్లాళ్ళు ఆ మాట బజారంతా తిరిగింది.

మేమిద్దరం అమెరికా వచ్చిన ఏడు మా మనవరాలికి రెండేళ్ళు. ఆష్‌బర్న్‌లో అమ్మాయి ఇల్లు. ఆ ఇంటి చుట్టూ గడ్డే గానీ తెంపటానికి ఒక్క పువ్వు లేదని ఆయన బాధ. ఏప్రిల్ వచ్చింది. అందరూ చెర్రీ పూలు, చెర్రీ పూలు అంటుంటే, ఒక బుధవారం మా అమ్మాయి సెలవు పెట్టి తీసుకుపోయింది. జనమంతా పోయే చోటికి కాదు, "అక్కడ పార్కింగే దొరకదమ్మా" అని, పట్నంలోనే ఇంకో పక్క నది ఒడ్డున మనిషి అలికిడి లేని చోటికి డ్రైవ్ చేసుకుపోయింది. ఒక పక్క పాత గోడౌన్లు, పైన రైలు వంతెన, కింద బూడిద రంగు నీళ్ళు. ఒడ్డంతా ఆ చెట్లు. ఆకు లేదు, అంతా పువ్వే. మా అమ్మాయి ఫోటోలు తీసుకుంటోంది. ఈయన మటుకు కళ్ళు పైకెత్తి చూడలా. కిందపడ్డ పువ్వొకటి తీసి, కాడ చూశాడు, రేకు గిల్లాడు, వాసన చూశాడు.

"కాడ పొడుగే. కట్టుకి బాగుంటది. రేకు నిలవదు" అన్నాడు.

"చూట్టానికి తెచ్చింది నాన్నా, బేరానికి కాదు" అంది అమ్మాయి.

"చూట్టానికైనా పువ్వంటే రెండు పూటలన్నా ఉండొద్దా? నేను పోతే ఇవి మాత్రం వేయించబాక. స్మశానం దాకా కూడా రావు."

ఆ మాటకి నేనూ నవ్వా. ఇప్పుడు చెబుతుంటే నాలిక పీకుతోంది.

అక్కడ ఒక నల్లజాతి ముసలాయన మడతకుర్చీ వేసుకుని గాలం వేస్తున్నాడు. గాలానికి కొక్కెం కట్టుకుంటుంటే ఈయన పోయి పక్కన గొంతుక్కూర్చున్నాడు. భాష లేదు ఇద్దరికీ. ఆ ముసలాయన వేసిన ముడి ఈయనకి నచ్చలా. దారం అడిగి తీసుకుని, దండ మొదలుపెట్టేటప్పుడు వేసే ముడి ఒకటి వేసి చూపించాడు. ఆ ముసలాయన లాగి చూశాడు, ఊడిపోయింది. నైలాను కదా, జారుద్ది. ఇద్దరూ ఒకటే నవ్వు. ఈయన మళ్ళీ వేశాడు, మళ్ళీ ఊడింది. నాకు మోకాళ్ళు లాగుతున్నాయి. ఇంట్లో గారెలకి మినప్పప్పు నానేసి వచ్చా. ఎక్కువ నానితే గారె నూనె పీలుస్తది. "ఏమయ్యో, ఇంక లెగు, పోదాం" అని కేకేశా. "ఇంకాసేపు కూర్చుందామే, బాగుంది ఇక్కడ" అన్నాడు. ఈ దేశంలో ఆయన బాగుందని అన్నది అదొక్క చోటునే. నేను వినలా. "వాసన లేని పూలు, చేపలు పడని గాలం, ఏం కూర్చుంటావు?" అని ముందు నడిచి కారెక్కా. ఆయన లేచి వచ్చాడు. రాత్రి గారెలు నాలుగు తిన్నాడు. బాగున్నాయని కూడా అన్నాడు.

శుక్రవారం పొద్దున నడకకి పోదామని, అమ్మాయి కొనిచ్చిన బూట్లు వేసుకుంటా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. లేసు కట్టుకోటానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చెప్పులు తప్ప ఎరగని మనిషి. కట్టిన లేసు ఒకటి, కట్టనిది ఒకటి. బతుకంతా ముళ్ళు వేసిన చెయ్యి, ఆ ముడి పూర్తి చెయ్యలా.

మా ఊళ్ళో అయితే పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి బూడిద. ఇక్కడ ఫ్యునరల్ హోమ్‌లో స్లాట్ ఉండాలంట. సోమవారం పదకొండింటికి ఇచ్చారు. అల్లుడు ఫోన్ కార్డులు గీకి నంబర్లు కొట్టీ కొట్టీ అందరికీ చెబుతున్నాడు. మధ్యలో నా దగ్గరికొచ్చి, "అత్తయ్యా, పూలు ఆర్డర్ చేశాను" అన్నాడు. ఫోటో చూపించాడు. మూడు కాళ్ళ స్టాండుకి గుండ్రంగా గుచ్చిన పూలు. అది దండ కాదు, చక్రం. తెనాల్లో సగం మంది ఆయన కట్టిన దండతోనే పోయారు. ఆయనేమో చక్రం పెట్టుకుని పోవాలా? ఇండియన్ స్టోర్‌లో అడిగితే మల్లెపూలు వారం ముందు చెప్పాలన్నారు. కవర్లో గులాబీలు తెస్తానంది అమ్మాయి. వద్దన్నా. ఆయన చివరిసారి చెయ్యి పెట్టిన పూలు ఏవో అవే కావాలన్నా. నా చేత్తో నేనే కట్టాలన్నా.

"అమ్మా, కొమ్మ విరిస్తే ఫైన్ వేస్తారు."

"విరవను. రాలినవే ఏరుకుంటా. రాలినవాటికి కూడానా?"

ఆదివారం పొద్దున పోయాం. ముందు రోజు వాన పడి చెట్లు సగం ఖాళీ అయినాయి. నేల మీద రేకులు నల్లబడి బురదలో అతుక్కుపోయి ఉన్నాయి. పిచ్చుకలు కొరికి పడేసిన పూలు కొన్ని కాడతో సహా ఉన్నాయి. అవే ఏరా, వంగీ వంగీ, కొంగునిండా. మా అమ్మాయి కూడా ఏరింది, ఏడుస్తా ఏరింది. బెంచీ మీద కూర్చుని కట్టబోతే, అమ్మాయి తెచ్చిన కుట్టుదారం రెండు పూలకే పుటుక్కుమంటోంది. ఆ గాలం ముసలాయన అక్కడే ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి లేచొచ్చి, చేత్తో ముడి వేసినట్టు చూపించి అమ్మాయిని ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడే?"

"నాన్నేడీ అంటున్నాడు."

అది ఏం చెప్పిందో నాకు తెలియలా. ఆ ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత తెగిన దారం చూసి, తన దారపు ఉండ నుంచి నైలాను బారెడున్నర లాగి కోసి ఇచ్చాడు.

నైలాను మీద పువ్వు నిలవదు. ఒకటి బిగిస్తే వెనకది జారుద్ది. పళ్ళతో పట్టి, మోకాలికి చుట్టి, రెండు గంటలు కట్టా. ఆఖరికి రెండు కొసలూ దగ్గరికి లాగి గట్టిగా ముడేస్తే గానీ పూలు కదలకుండా ఆగలా. ముడేసి, దాని మీద ఇంకో ముడేశా. నా చెయ్యి ఏం చేసిందో నాకు తట్టనే లేదు. ఇంటికొచ్చి తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో పాల డబ్బాలు తీయించి అక్కడ పెట్టా.

మా వైపు ఆడవాళ్ళు స్మశానానికి పోరు. ఇక్కడ నేను పోకపోతే పోయేవాళ్ళు నలుగురు కూడా లేరు. సోమవారం ఆ హాల్లో పెట్టె మూత తీసి పెట్టారు. దిండు మీద తల. దండ పరుద్దామని చెయ్యి చాపా. పరవటానికి కొస లేదు. అప్పుడు తెలిసింది. ముడి గిల్లినా, పంటితో లాగినా ఊడలా. అక్కడ పనిచేసే కోటు మనిషి చూసి కత్తెర తెచ్చాడు. పాపం మర్యాదస్తుడు. కానీ ఎక్కడ కోసినా దారం వెనక్కి పోయి పూలన్నీ జారిపోతాయి. మా అమ్మాయి చెవిలో, "వద్దులే అమ్మా, కాళ్ళ దగ్గర పెడదాం" అంది. కాళ్ళ దగ్గర పెట్టటానికా రెండు గంటలు కట్టింది?

ఆయన తల కింద చెయ్యి పెట్టా. నలభై ఏళ్ళలో ఆ తల నేను ఎత్తింది జ్వరమొచ్చినప్పుడు గంజి తాగించటానికే. ఫ్రిజ్‌లోంచి తీసిన దండ, ఫ్రిజ్‌లోంచి తీసిన మనిషి, రెండూ ఒకటే చలి. బరువు. ఆయన చెప్పినట్టే మెడ నిలవలా, నా మణికట్టు మీద పక్కకి వాలింది. మా అమ్మాయి "అమ్మా" అని అరిచి మొహం కప్పుకుంది. ఇన్నేళ్ళూ ఆయన జనానికి తప్పించిన బాధ అదే, నా చేతులారా నా బిడ్డకి చూపించా. ఇటు దండ తల దాటుతుంటే రేకులు రాలటం మొదలుపెట్టాయి. నుదుటి మీద, కనురెప్పల మీద, చెవి గుంటలో ఒకటి. మెడ దగ్గరికి వచ్చేసరికి పచ్చ కాడలు, మధ్యలో మెరుస్తా గాలం దారం, అంతే మిగిలింది. చెవిలో రేకు వేలితో తీశా. తల మెల్లిగా దించా. బయట ఇంకో కుటుంబం వాళ్ళ స్లాట్ కోసం నిలబడి ఉందని అల్లుడు నా భుజం తట్టాడు. మూత వేసేశారు.

ఆ తర్వాత ప్రతి ఏప్రిల్‌కీ అమ్మాయి అడుగుద్ది, నది ఒడ్డుకి పోయొద్దామా అమ్మా అని. పప్పు నానేశానని చెప్పి తప్పించుకుంటా. ఒక్కోసారి నిజంగానే నానేస్తా. ఆ రోజు ఆయన నన్ను అడిగింది ఇంకాసేపే. ఎనిమిదేళ్ళ నుంచీ కూర్చునే ఉన్నా, ఆ కాసేపు ఇంకా అవలా.