జతగాళ్ల పెళ్లిచూపులు

2002లో నేను అనంతపురం వైపు ఒక చిన్న రేడియో కేంద్రంలో రైతుల కార్యక్రమానికి ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌ని. హోదా వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, వేరుశనగకు జిప్సం ఎప్పుడు వేయాలో చెప్పడమే నా పని. ఊరికే చెబితే ఎవరు వింటారు? అందుకని వారం వారం ఒక నాటిక వేసేవాళ్లం. అందులో ఓబులేసు, తిప్పన్న అని ఒకే ఇంట్లో ఉంటూ ఉమ్మడిగా సేద్యం చేసే ఇద్దరు బ్రహ్మచారులు. ఒకడు సంగటి కెలుకుతుంటే రెండోవాడు జిప్సం మీద ఉపన్యాసమిస్తాడు.

జిప్సం ఎవడికి కావాలి? ధర్మవరం మగ్గాల దగ్గర నుంచి ముదిగుబ్బ గొర్రెల మందల దాకా ఒకటే చర్చ, వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని. దీనికి మూలం మా రచయిత రాసిన ఒక్క మాట. ఓబులేసు ఎప్పుడూ 'తిప్పన్న నా జతగాడు' అంటాడు. మా సీమలో జతగాడంటే స్నేహితుడు. కలిసి బడికి పోయినవాడూ జతగాడే, బీడీ పంచుకున్నవాడూ జతగాడే. మా స్టేషన్ డైరెక్టర్‌ది గోదావరి జిల్లా. ఆయన లెక్కలో జతగాడంటే యుగళగీతంలో చెట్టు చుట్టూ తిరిగేవాడు. రైతుల కార్యక్రమంలో ఈ కాపురమేమిటని నా మీద మండిపడ్డారు. వచ్చే వారం ఓబులేసుకు పెళ్లిచూపులు పెట్టాలి, లేకపోతే నాటిక బంద్ అని మెమో ఇచ్చారు.

నటులే పొక్కించారో ఏమో, ఫోన్-ఇన్ నాటికి సంగతి ఊళ్లన్నిటికీ పాకింది. ఫోన్-ఇన్ అంటే శ్రోతలతో ప్రత్యక్ష ప్రసారం. డ్యూటీ ఆఫీసర్ ముందుగా పేరు, ఊరు, చేసే పని, ప్రశ్న కనుక్కుని లైను స్టూడియోకి కలుపుతాడు. కలిపాక ఎవరేం మాట్లాడినా కత్తిరించే వీలుండదు. ఆ రోజు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఒకతను, జిప్సం మీద సందేహమని చెప్పి లైనులోకి వచ్చాడు. ప్యాంట్లకు జిప్సం దేనికని మా డ్యూటీ ఆఫీసర్‌కు తట్టనే లేదు, మహానుభావుడు.

ఓబులేసుకు పెళ్లి చేస్తున్నారట, నిజమేనా అని అడిగాడు. ఇంకా ఏమీ అనుకోలేదని నసిగాను. వాళ్లు ఉత్త స్నేహితులేనని, వేరే అర్థాలు తీయవద్దని మెమో భాషే అప్పజెప్పాను.

"మీకు స్నేహితులే సార్. మాకట్ల కాదు," అన్నాడు. "మేమూ ఇద్దరు మగోళ్లం, ఒగే ఇంట్లో ఉండాము. రేడియోలో మా మాదిరుండేది వాళ్లిద్దరే. వాళ్లను ఇడదీయాకండి సార్."

జిల్లా అంతా వింటోంది. జిప్సం వేరుశనగ ఊడలు దిగేటప్పుడు వేసుకోమని చెప్పి లైను పెట్టేశాను.

మనసు ఊరుకోలేదు. మెమో తీసి మళ్లీ చదివాను. పెళ్లిచూపులు పెట్టమన్నారే గానీ పెళ్లి చేయమనలేదు. ఉద్యోగి అన్నవాడు మెమోను అక్షరాలా పాటించాలి కదా, పాటించాం. రచయిత ఒక పిల్లను, ఆమె తండ్రిని రప్పించాడు. ఓబులేసు, తిప్పన్న సంగటిలో ఉప్పెక్కువైందని ఒకరినొకరు విసుక్కుంటూనే వాళ్లకు వడ్డించారు. ఆ పిల్ల కాసేపు చూసి లేచింది.

"పా నాయనా, పోదాం. ఈయప్పకు ఎప్పుడో పెండ్లయినట్లుండాది."

డైరెక్టర్ గారు మెమోనూ స్క్రిప్టునూ పక్కపక్కన పెట్టుకుని ఎంత వెతికినా తప్పు దొరకలేదు. నాటిక సాగింది. పాత్ర ఎవరికి జతో రాసినవాణ్నీ, మెమో ఇచ్చినవాణ్నీ అడిగి లాభం లేదని, వినేవాణ్ని అడగాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.